వేలిముద్ర పడని మనిషి
(దిండిలో చేసిన స్మారకోపన్యాసం నుంచి)

ఈ స్మారక సభలో సాంకేతికత, మనిషి గుర్తింపు, ఊహాకల్పన గురించి మాట్లాడమన్నారు. రోబోల కబుర్లు చెబుతానని వచ్చినవాళ్లు మన్నించాలి.

సైన్స్ ఫిక్షన్ మాట ఎత్తగానే మనవాళ్లకు 1991లో వచ్చిన సింగీతం శ్రీనివాసరావు సినిమా ‘ఆదిత్య 369’, అందులోని కాలయంత్రం గుర్తొస్తాయి. నాకు విశ్వనాథ సత్యనారాయణగారి ‘హాహా హూహూ’ నవల గుర్తొస్తుంది. గుర్రపు తల ఉన్న గంధర్వుడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు. సంస్కృతం మాట్లాడతాడు. అయినా అతన్ని బోనులో పెట్టి, జంతువా మనిషా అని తర్కించుకుంటారు. అతని మాటకన్నా తమ కొలతలే వాళ్లకు ప్రమాణం. కంప్యూటర్ ఊసే లేని ఆ కథే ఈ విషయానికి తెలుగులో పునాది అని నా లెక్క.

ఇక మన సంగతికి వద్దాం. ఇక్కడ ఆ కొలత వేలిముద్ర. కొబ్బరి పీచు పనిలో, రొయ్యల ఒలుపులో, గిన్నెలు తోమడంలో ఏళ్లు గడిపిన ఆడవాళ్లకు వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. రేషన్ డిపోలో అలాంటి ఒకావిడ మిషన్ మీద వేలు పెడితే “పడట్లేదమ్మా, ఇంకో వేలు పెట్టు” అంటారు. ఊరంతా ఆవిడని ఎరుగుదురు, మిషన్ ఎరగదు. ముద్ర పడలేదని అర్హులకు రావలసింది ఆపకూడదని 2018 సెప్టెంబరు 26 నాటి సుప్రీంకోర్టు ఆధార్ తీర్పు చెబుతోంది. క్యూలో నిలబడ్డ మనిషికి ఆ సంగతి చెప్పేదెవరు?

ఆవిడే కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిందనుకోండి. రాజోలు వైపు నుంచి అలా వెళ్లినవాళ్లు చాలామందే దొరుకుతారు. అక్కడ విదేశీయులంతా 2024 డిసెంబరు 31లోగా బయోమెట్రిక్ ఇవ్వాలని గడువు పెట్టారు. పదేళ్లకు తిరిగొచ్చేసరికి అక్కడి ముద్రకూ ఇక్కడి ముద్రకూ పొంతన కుదరలేదనుకోండి. లెక్కల్లో ఇద్దరు మనుషులయ్యారు. జీతం ఒకరిది, ఇల్లు ఇంకొకరిది. మరి పిల్లలు ఎవరి పిల్లలు? మన ఊహ మొదలవ్వాల్సింది ఇక్కడే గానీ, అంగారకుడి మీద కాదు.

రెండో కథ ఇంకా దగ్గరిది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి అంబేడ్కర్ పేరు చేరుస్తామని ప్రభుత్వం అనేసరికి, వద్దన్నవాళ్లు మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. ఆ వెంటనే నెట్ ఆపేశారు, రెండు వారాల పాటు. ఇంటి నుంచి ఉద్యోగం చేసే కుర్రాళ్లు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్లు పట్టారు. దిండి నుంచి వసిష్ఠ మీద వంతెన దాటితే చించినాడ, అంటే పశ్చిమగోదావరి జిల్లా. ఆ రోజుల్లో వంతెన సగంలో ఫోన్ బతికేది, వెనక్కి నాలుగడుగులు వేస్తే చచ్చేది. ఇంతకన్నా విచిత్రమైన లోకాన్ని ఏ రచయిత కల్పించగలడు?

అయితే ఒక షరతు. ఆ వంతెన మీద కథ రాసి, ఒక పేరు మీద అంత కోపం ఎందుకొచ్చిందో చెప్పకుండా తప్పుకుపోతే అది దొంగకథే. వేలి గీతలు అరుగుతాయి గానీ, పుట్టగానే అంటుకున్న కులం అరగదు. పెళ్లి సంబంధాల యాప్‌లు కూడా దాన్ని అడుగుతున్నాయి. యంత్రం మన గుర్తింపును మార్చేస్తోందని వాపోయేవాళ్లు, అది మన పాత గుర్తింపులను ఎంత శ్రద్ధగా కాపాడుతోందో కూడా చూడాలి.

రాసే పిల్లలు ఈ సభలో కొందరున్నారు. హైదరాబాదు, అమెరికా నేపథ్యాలు కాసేపు పక్కన పెట్టండి. సెలవుల్లో గల్ఫ్ నుంచి వచ్చిన ఆడవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల చేతుల సంగతి అడిగి, ఆ మొదటి కథ మీరే రాయండి.