నేల చదునుచేయడానికి ముందు
(ప్రసంగ పాఠం)



ఛోటానాగపూర్ ప్రాంతపు ఊరి పేర్లలో 'డీహ్' అనే మాట తరచు వినవస్తుంది. జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ నది ఒడ్డున ఉన్న భుయ్యాడీహ్ పేరులోనూ ఆ మాటే ఉన్నది. డీహ్ అంటే పాత ఊరి నేల, జనం నివసించిన మెరక. తెలుగులోని 'పాటిదిబ్బ'కు ఇది చాల దగ్గర మాట. నదికి నీరు వచ్చినపుడు మెరక మనిషికి ఎంత అవసరమో, పాముకూ అంతే అవసరం. ఒకే దిబ్బను ఇద్దరూ కోరుకోవడంలోనే నేటి ప్రసంగ విషయం ఇమిడి ఉన్నది.

1907లో సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమానికి సమీపాన సాక్చి అనే పల్లెను ఉక్కు కర్మాగారానికి అనువైన చోటుగా ఎంచుకున్నారు. 1912లో అక్కడ ఉక్కు తయారైంది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అన్న పేరు వచ్చింది. అడవి కొట్టి, పొదలు నరికి, గుంటలు పూడ్చి నిర్మించిన ఆ నగరానికి దేశం నలుమూలల నుంచి శ్రామికులు వచ్చారు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు కూడ వారిలో ఉన్నవి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి సాక్ష్యంగా నిలిచి ఉన్నది.

ఆ నగరంలో శ్రావణ మాసం ముగిసే వేళ బెంగాలీలు, స్థానిక ప్రజలు మనసాదేవిని పూజిస్తారు. కార్తీక మాసంలో తెలుగువారు నాగుల చవితినాడు పుట్టలో పాలు పోస్తారు. భాషలు వేరైనా భయభక్తులు ఒక్కటే. అయితే ఆ పుట్ట ఉన్న స్థలాన్నే ఇంటికో, పాఠశాలకో, రహదారికో చదునుచేయవలసి వచ్చినపుడు ఏం చేయాలి? ఈ ప్రశ్నకు పూజావిధానంలో సమాధానం లేదు. దానిని శాస్త్రంలోను, చట్టంలోను, ముందుచూపులోను వెదుక్కోవాలి.

ముందుగా మనిషి ప్రాణం సంగతి. పాముకాటు మరణాలపై 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో సుమారు 12 లక్షలమంది పాముకాటుతో మరణించారు. అంటే ఏటా సగటున 58,000 మంది. జార్ఖండ్, బీహార్, ఒడిశా, ఉభయ తెలుగు ప్రాంతాలు ఈ మరణాలు అధికంగా నమోదైన రాష్ట్రాలలో చేరి ఉన్నవి. దాదాపు సగం మరణాలు జూన్, సెప్టెంబరు నెలల నడుమనే సంభవిస్తున్నవి. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలన్న లక్ష్యంతో కేంద్రప్రభుత్వం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. కనుక పామును కాపాడుదామని చెప్పేవారు మనిషి భయాన్ని తేలికగా తీసిపారవేయరాదు. నదీతీరపు బస్తీలలో నేలమీద పడుకునే కుటుంబానికి కట్లపాము నిజమైన ముప్పు.

కాని ఆ ముప్పును పెంచే పనులలో హడావిడిగా నేలను చదునుచేయడం ఒకటి. నాలుగు వైపుల నుంచి ఒకేసారి యంత్రాలు దిగితే కొన్ని పాములు మట్టిలో నలిగిపోతాయి. మిగిలినవి దిక్కుతోచక పక్కనున్న ఇళ్లలోకి, కట్టెల మోపులలోకి, ఇటుకల దొంతరలలోకి చేరుతాయి. వాటితోపాటు ఎలుకలూ వస్తాయి. ఎలుకలున్న చోటికి పాము మళ్లీ వస్తుంది. చంపినందువల్ల సమస్య తీరదు. అది పొద నుంచి గడపలోకి మారుతుంది.

ఇటీవలి ఉదాహరణ హైదరాబాదులో ఉన్నది. 2025 మార్చి చివరలో, కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల భూమిని అభివృద్ధి పనుల నిమిత్తం చదునుచేయడం ప్రారంభించారు. రాళ్లగుట్టలు, కుంటలు, చెట్లు ఉన్న ఆ నేల నెమళ్లకు, జింకలకు, తాబేళ్లకు, పాములకు ఆశ్రయం. విద్యార్థుల ఆందోళన అనంతరం సుప్రీంకోర్టు తనంతట తానే జోక్యం చేసుకొని ఏప్రిల్ 3న పనులను నిలిపివేసింది. ఏప్రిల్ 16న జరిగిన విచారణలో, చెట్లు కొట్టినందువల్ల దెబ్బతిన్న జంతువుల రక్షణకు తక్షణం చర్యలు తీసుకోవాలని వన్యప్రాణి సంరక్షణాధికారిని ఆదేశించింది. ఆ భూమి ఎవరిది, అది అడవి అవునా కాదా అన్న వాదాలను పక్కన పెట్టినా ఒక పాఠం మిగులుతుంది. జంతువుల సంగతి యంత్రం ఆగిన తరువాత కాదు, యంత్రం రాకముందే ఆలోచించాలి.

ఆలోచించడమంటే వాటిని సంచులలో కట్టి దూరపు అడవిలో వదలడమేనా? జంషెడ్‌పూర్ వాసికి వెంటనే దల్మా కొండలు గుర్తుకువస్తాయి. నగరానికి చేరువలోనే ఏనుగులకు ప్రసిద్ధమైన అభయారణ్యం ఉండగా పామును అక్కడ విడిస్తే చాలదా అనిపిస్తుంది. శాస్త్రజ్ఞుల అనుభవం ఇందుకు అనుకూలంగా లేదు. కర్ణాటకలోని ఆగుంబె అడవులలో రాచనాగులకు రేడియో పరికరాలు అమర్చి గమనించినపుడు, దూరంగా తరలించిన పాము సొంత తావులోని పాముకన్న ఎంతో ఎక్కువగా తిరుగాడినట్లు తేలింది. పాముకు తన బొరియ, తన నీటి మడుగు, తన వేటదారి తెలుసు. కొత్త చోట అవేవీ తెలియవు. వెదుకుతూ తిరిగే పాము శత్రువుల కంటబడుతుంది, రహదారులు దాటుతుంది, ఊళ్లలో చొరబడుతుంది. అదీకాక విడిచిన చోట అప్పటికే వేరే పాములు ఉంటాయి. తరలింపు చివరి మార్గమే కాని మొదటి మార్గం కాదు.

మొదటి మార్గం దారి విడవడం. నిర్మాణానికి ముందే ఆ స్థలాన్ని వానాకాలంలోను, వేసవిలోను పరిశీలించి ఏ జంతువులు ఎక్కడ ఉన్నవో గుర్తించాలి. కుంటను, వాగు గట్టును, పాత పుట్టలున్న మూలను వీలైనంతవరకు అలాగే ఉంచాలి. పొదలను నిప్పుపెట్టి కాల్చక చేతితో నరకాలి. పనిని ఒక అంచున మొదలుపెట్టి, విడిచిపెట్టిన పచ్చని భాగం వైపు క్రమంగా సాగించాలి. అప్పుడు చాల జంతువులు తమంతట తామే జరిగిపోతాయి. గుడ్లు పెట్టే కాలాన్ని తప్పించాలి. అప్పటికీ మిగిలిన వాటిని శిక్షణ పొందినవారు పట్టి, సాధ్యమైనంత దగ్గరలోనే, అటువంటి నేలలోనే విడవాలి. బ్రిటన్‌లో నిర్మాణ స్థలం చుట్టూ తాత్కాలిక కంచె వేసి, రేకులు పరచి, వెచ్చదనం కోసం వాటి కిందికి చేరే పాములను, బల్లులను వారాల తరబడి ఏరి తరలించే పద్ధతి ఉన్నది. పని ఆలస్యమవుతుంది, కాని ఆ ఆలస్యాన్ని ముందే లెక్కలో చేర్చుకుంటారు.

మన చట్టమూ ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'వేట' అన్న మాటకు చంపడం ఒక్కటే అర్థం కాదు. పట్టుకోవడం, సరీసృపాల గుడ్లను పాడుచేయడం కూడ వేటే. జంతువులను అనువైన వేరొక తావుకు తరలించడానికి అనుమతి ఇచ్చే వీలును కూడ ఆ చట్టమే కల్పించింది. 2022 సవరణ నాగుపాము, రక్తపింజరి, జెర్రిపోతు వంటి పాములకు మరింత గట్టి రక్షణ ఇచ్చింది. కనుక ఇంట్లోనో, పునాది గుంటలోనో పాము కనబడితే కర్ర తీయక, దూరంగా నిలిచి, అటవీశాఖకు కబురు చేయడమే సరి అయిన పని. కాటు పడితే కోయడం, గట్టిగా కట్టడం, మంత్రాలతో కాలం గడపడం మాని, కదలిక తగ్గించి ఆస్పత్రికి చేర్చాలి.

ఇక్కడ భాషకూ పాత్ర ఉన్నది. తెలుగువాని నాగుపాము అక్కడి పొరుగువానికి గెహువన్, కట్లపాము కరైత్, జెర్రిపోతు ధామన్. ధామన్ విషం లేనిది, ఎలుకలను తిని పంటకు మేలు చేసేది. జెర్రిపోతు నాగుపాముకు మగ జోడు అన్న అపోహ వల్ల నిష్కారణంగా ప్రాణం పోగొట్టుకొనేదీ అదే. నిర్మాణ స్థలంలో పలుగు పట్టే కూలి ఒక రాష్ట్రంవాడు, మేస్త్రీ మరొక రాష్ట్రంవాడు అయినపుడు, హెచ్చరిక పలక ఒక్క భాషలో ఉంటే ఏం ప్రయోజనం? పాములను గుర్తించే బొమ్మలు, ఆస్పత్రి చిరునామా, అటవీశాఖ ఫోను నంబరు హిందీ, బెంగాలీ, సంతాలీ, ఒడియా, తెలుగు భాషలలో గోడమీద ఉండాలి. ఒకరి ప్రాణం మరొకరి భాషలో కూడ భద్రంగా ఉండాలి. సమైక్యతకు ఇంతకన్న నిత్యజీవితంలో కనబడే అర్థం లేదు.

సువర్ణరేఖకు ప్రతి వానాకాలం నీరు వస్తుంది. ఎగువన చాండిల్ జలాశయం తలుపులు తెరచినపుడు పల్లపు బస్తీలు తల్లడిల్లుతాయి. ఆ రాత్రి మనిషీ పామూ ఒకే మెరకను వెదుకుతారు. ఊరికి ఇళ్లు కావాలి, బడి కావాలి, దారి కావాలి. వాటిని ఎవరూ కాదనలేరు. కాని గీసే ప్రతి పటంలోను ఒక వాగు గట్టునో, ఒక పొదల వరుసనో మిగిల్చే గీత కూడ ఉండాలి. ఆ గీత మునుముందుగా పడితే పాము తన దారిన పోతుంది, పిల్లవాడు తన పక్కమీద నిశ్చింతగా నిద్రిస్తాడు.