కత్తికి తగిన సాన



మా తల్లిగారి కత్తిపీటను నేను చెడగొట్టిన సంగతితో నేటి ప్రసంగము నారంభించుచున్నాను. ఆ పీట పుట్టినింటినుండి వారి వెంట వచ్చినది. దాని యలుగు ఆ యూరి కమ్మరి చేతిపని. నలువది యేండ్లు మా తల్లిగారు దానిని వీధియరుగు రాతిమీద నూరుకొనుచు, కందను, గుమ్మడిని, పనసపొట్టును దానితోనే తరిగిరి. వారు గతించిన పిదప, కత్తి మొద్దువారినదని నా భార్య చెప్పగా, పట్టణమునకు గొనిపోయి, విద్యుచ్ఛక్తితో తిరుగు సానచక్రమువద్ద ఇచ్చితిని. నిప్పురవ్వలు చిమ్ముచు రెండు నిమిషములలో పని ముగిసెను. తళతళలాడు వాదరను చూచి మిక్కిలి సంతసించితిని. వారము తిరుగకమునుపే ఆ కత్తి అరటిదూటకు సైతము లొంగినది. వాదర వెంబడి నీలివన్నె చార యొకటి యుండెను. దానిని చూచియు నేను గ్రహింపలేదు.

మా గ్రామమున కొలిమి నడుపు ఆచారిగారు దానిని వెలుతురునకు పట్టి చూచి, "వాడి పెట్టారు గాని, పదును చంపేశారు బాబూ" అనిరి.

వాడి, పదును ఒకటియే యని నేనంతవరకు తలచియుంటిని. దున్నుటకు తగిన నేలతడిని మనము పదును అందుము. మించినను తగ్గినను నాగలికి పనికిరాదు. ఉక్కుకును అట్టిదే. కమ్మరి ఉక్కును ఎఱ్ఱగా కాల్చి చల్లార్చినప్పుడు అది గట్టిపడును గాని గాజువలె పెళుసగును. మరల కొంచెము కాచినప్పుడు, అనగా సుమారు 200 డిగ్రీల సెంటీగ్రేడు మేర, పెళుసుతనము తగ్గి గట్టితనము నిలుచును. సానచక్రముమీద వాదర 300 డిగ్రీలకు చేరినచో నీలివన్నె తిరిగి మెత్తబడును. వాదర అతిపలుచనిది గాన, వెన్నును పట్టిన చేతికి వేడి తెలియకమునుపే అది కమిలిపోవును. నీటిలో తడియుచు మెల్లగా తిరుగు చక్రమునకీ దోషము లేదు.

అయినచో ఇంటికి ఏ సాన కొనవలెను? ఇప్పటి అంగళ్లలో పలువిధములున్నవి. గాడిలో కత్తిని పెట్టి లాగు సాధనము చౌక; అది వాదరను నూరదు, గీకును. మంచి కత్తిని దానికి అప్పగింపరాదు. ఉక్కుకడ్డీ ఒరిగిన వాదరను నిలబెట్టును గాని, అరిగినదానికి క్రొత్తవాదరను తేజాలదు. కత్తిని బిగించి కోణము తప్పకుండ నూరు చట్టములు జేబుకత్తులకు బాగుగనే యున్నవి. కత్తిపీట వానిలో ఇమడదు, వెలయు హెచ్చు. వజ్రపుపొడి తాపిన పలక త్వరగా నూరును, గుంటపడదు. దానిమీద చేతిబరువు మోపరాదు.

నా మట్టుకు ఒక పక్క గరుకును, ఒక పక్క నునుపును గల రాయియే మేలు. 8 అంగుళముల పొడవు, 2 అంగుళముల వెడల్పు చాలును. రాతిమీది అంకె పెరిగినకొలది రేణువు సన్నము. గరుకువైపు 400, నునుపువైపు 1000 ఉన్నచో వంటింటికి కొరతలేదు. ఇట్టి రాళ్లలో నుండునది సామాన్యముగా కురువిందము. కెంపును ఆ జాతిదే. ఇంగ్లీషువారు దానికి పెట్టుకొన్న కోరండమను పేరును దక్షిణదేశపు మాటనుండి వెళ్లినదే. మన సానవారు దాని పొడిని లక్కతో కలిపి చక్రములు చేసెడివారు. నల్లని రాళ్లలో నుండు కార్బోరండమును 1891లో అమెరికాలో ఏచిసన్ కొలిమిలో పుట్టించెను. రెండును ఉక్కును కోయును. నీటితో నూరుటకు మొదలిడిన రాతికి నీరే వాడవలెను. నూనె తగిలించిన పిదప నీరు పనికిరాదు.

ఇక కోణము. ఎక్కువమంది చెడిపోవుట ఇచ్చటనే. కత్తిని రాతిమీద పరుండబెట్టి, అలుగు వెడల్పులో నాలుగవవంతు ఎత్తునకు వెన్నును లేపినచో 15 డిగ్రీలకు కొంచెము లోపుగా వచ్చును; కూరలు తరుగు చాకున కది చాలును. మూడవవంతు లేపినచో 20 డిగ్రీలకు సమీపము. త్రాడు కోయు, పుల్ల చెక్కు జేబుకత్తికి అదియే తగినది. ఒక పక్క నూరగా రెండవ పక్కను వ్రేలికి సన్నని గరుకు తగులువరకు ఆపరాదు. ఆ గరుకు వాదర పొడవునను తగిలినపుడు మాత్రమే పక్క మార్చవలెను. తుదకు నునుపువైపు రెండు పక్కలను తేలికగా దువ్వి, మంగలివారివలె పాత తోలుపటకామీద వెన్ను ముందుగా లాగినచో ఆ గరుకు రాలిపోవును. బొటనవ్రేలితో పరీక్షించు వాడుక మానుడు. మాగిన టమాటా చాలును.

కత్తిపీటకు రాయియే కత్తియొద్దకు పోవలెను. రాతిని వెన్నునుండి వాదరవైపునకే నడుపవలెను. జారినను చేయి వాదరనుండి దూరముగా పోవును.

మా పీటకు మరల కొలిమి అక్కరలేదనియు, చచ్చినచారను మాత్రము నీటితో నూరి తీసివేయవలసినదనియు ఆచారిగారు సెలవిచ్చిరి. నాకు మూడు సాయంకాలములు పట్టినవి. లోపలి ఉక్కు నేటికిని గట్టిగనే యున్నది. పక్షమున కొకపర్యాయము నేనే నూరి, తుడిచి, నూనె రాయుచున్నాను. అలుగు మాత్రము మా తల్లిగారు విడిచిపోయిననాటికంటె గోధుమగింజంత వెడల్పు తగ్గినది.