గిన్నె కొనేముందు కాటా మీద పెట్టి చూద్దాం

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో వంట పాత్రల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



మా ఉపసంఘం చేసే పని మీకు తెలిసిందే. గ్రామ సంఘాల దగ్గరున్న అద్దె సామాను, అంటే డేగిసాలు, గుండిగలు, పెద్ద మూకుళ్లు, జల్లిగరిటెలు చూసుకోవడం, సొట్టలు పడ్డవి బాగు చేయించడం, కొత్తవి కావాలంటే బేరం చేయడం. బడుల్లో మధ్యాహ్న భోజనం వండే మన సభ్యులకు సామాను విషయంలో సలహా చెప్పే పని కూడా మాకే అప్పగించారు. అద్దెల లెక్క నివేదికలో వేరే పేజీలో ఉంది. అది మళ్లీ చదివి మీ భోజనం ఆలస్యం చేయం. ఇవాళ మన ఇళ్లలో పొయ్యి మీదికి ఎక్కే గిన్నెల గురించి మాట్లాడదామని వచ్చాం.

కారణం ఉంది. ఈ మధ్య సంఘం సమావేశం ఏ రోజో కనుక్కుని మరీ సామాన్ల వాళ్లు వస్తున్నారు. ఆటోలోంచి పెట్టెలు దించి, మెరిసే గిన్నెలు చాప మీద పరుస్తారు. "డబ్బు ఇప్పుడేం వద్దమ్మా, వారం వారం కొంచెం ఇవ్వండి" అంటారు. పొదుపు కట్టడానికి వచ్చినామె చేతిలో డబ్బు ఉంటుందని వాళ్లకు తెలుసు. ఒకామె తీసుకుంటే పక్కనామెకి తీసుకోకుండా ఉండడం కష్టమనీ తెలుసు. మోసమని మేము అనడం లేదు. లెక్క వేసుకోమంటున్నాం.

నాలుగు వేల రూపాయల సెట్టు అనుకోండి. వారానికి 250 చొప్పున 20 వారాలు కట్టమంటే మొత్తం 5,000. వెయ్యే కదా ఎక్కువ అనిపిస్తుంది. అదే నాలుగు వేలు మన సంఘంలో నూటికి రూపాయి వడ్డీకి తీసుకుని, నెలకు 800 అసలు చొప్పున ఐదు నెలల్లో తీర్చేస్తే వడ్డీ మొదటి నెల 40, తర్వాత 32, 24, 16, ఆఖరి నెల 8. అన్నీ కలిపితే 120 రూపాయలు. వెయ్యి ఎక్కడ, నూట ఇరవై ఎక్కడ! పైగా ఆ నూట ఇరవై కూడా మన సంఘం ఖాతాలోనే ఉంటుంది.

ఇది వడ్డీ సంగతి. అసలు ఆ సెట్టు నాలుగు వేలు చేస్తుందా అన్నది ఇంకో సంగతి. అది తేలాలంటే కాటా కావాలి.

టౌనులో పాత్రల కొట్టుకి వెళితే కొట్టాయన గిన్నెని కాటా మీద పెట్టి కిలో ఇంత అని చెబుతాడు. మన అమ్మలు, అత్తలు ఇత్తడైనా, స్టీలైనా, సిల్వరైనా అలాగే కొన్నారు. సెట్టు అమ్మేవాళ్లు పెట్టె ధర చెబుతారు గానీ కిలో ధర చెప్పరు. ఆ పెట్టెలో గాజు మూతలుంటాయి, నల్లటి పిడులుంటాయి, ఉచితమన్న చెంచాలుంటాయి. చేత్తో ఎత్తితే బరువుగానే ఉంటుంది. మూతలూ చెంచాలూ పక్కన పెట్టి గిన్నెలు ఒక్కటే తూచండి. రెండు కిలోలే వచ్చాయనుకోండి, కిలో రెండు వేలు పడ్డట్టు. ఆ అంకె పట్టుకుని ఏ కొట్లోనైనా అదే రకం గిన్నె కిలో ఎంతో అడగండి. ఇక మేము చెప్పాల్సింది ఉండదు.

కాటా దగ్గర లేకపోతే చేతులున్నాయి. గిన్నె అంచు రెండు చేతులతో పట్టుకుని బొటనవేళ్లతో నొక్కండి. వంగినట్టు తెలిస్తే అది పొయ్యి మీద వేడికి కూడా వంగుతుంది. చదునైన బండ మీద పెట్టి తిప్పండి. గిరగిరా తిరిగితే అడుగు ఉబ్బి ఉన్నట్టు, మంట మీద నిలకడగా కూర్చోదు. పిడికి కొట్టిన రివెట్లు వదులుగా ఉన్నాయేమో కదిపి చూడండి. మరుగుతున్న సాంబారు దించేటప్పుడు పిడి ఊడితే ఏమవుతుందో బడి వంట చేసే అక్కలకు మేము చెప్పక్కర్లేదు.

బరువు మీద ఇంత పట్టు ఎందుకంటే, స్టీలు వేడిని సరిగా పంచదు. అల్యూమినియం దానికన్నా పది రెట్లకు పైగా బాగా పంచుతుంది. అందుకని పల్చటి స్టీలు గిన్నెలో పాలు పెడితే మంట తగిలిన చోటే మాడతాయి, పక్కన వెచ్చబడవు. "దృష్టి ఎక్కడ పెట్టావు" అని ఇల్లాలిని అంటారు. తప్పు ఆమెది కాదు, రేకుది. స్టీలు గిన్నె అడుగున మందపాటి అల్యూమినియం బిళ్ల అతికించి, దాని మీద మళ్లీ స్టీలు మూసినవి దొరుకుతాయి. శాండ్‌విచ్ బాటమ్ అంటారు. అలాంటిది ఒకటి ఉంటే పాలకీ, పప్పుకీ, పాయసానికీ సరిపోతుంది. ఆరు గిన్నెల సెట్టు కన్నా ఈ ఒక్కటి మేలని మా అభిప్రాయం. అడుగున రాగి రంగు చూసి మాత్రం మురిసిపోవద్దు. చాలా వాటిలో అది పైపూతే, వేడి పంచడానికి పెద్దగా పనికిరాదు.

అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు అని ఊళ్లో ఒక మాట ఉంది. సగమే నిజం. 304 అనే మంచి రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, దానికి మామూలుగా అయస్కాంతం అంటదు. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన చవక స్టీలుకీ అంటదు. కాబట్టి అయస్కాంతం పట్టుకెళ్లి లాభం లేదు. ఇండక్షన్ పొయ్యి ఉన్నవాళ్లకి మాత్రం ఉపయోగం: అడుగుకి అంటితేనే ఆ పొయ్యి మీద గిన్నె పనిచేస్తుంది.

అయస్కాంతం కన్నా ఐ.ఎస్.ఐ. గుర్తు చూడడం మంచిది. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం స్టీలు, అల్యూమినియం వంట పాత్రలకు ఈ గుర్తు తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. కుక్కర్లకు 2021 ఫిబ్రవరి నుంచే ఉంది. గుర్తు పైన ఉండే సంఖ్య స్టీలుకి 14756, అల్యూమినియానికి 1660, కుక్కరుకి 2347. గుర్తుతో పాటు సి.ఎం./ఎల్. అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. ఫోనులో బి.ఐ.ఎస్. కేర్ యాప్ వేసుకుని ఆ నంబరు కొడితే అది ఎవరిదో, లైసెన్సు నడుస్తోందో లేదో వస్తుంది. గుర్తు అచ్చు వేయడం ఎవరికైనా వచ్చు గనక నంబరు కొట్టి చూడాలి. మీకు రాకపోతే మీ వి.ఓ.ఎ.ని అడగండి.

ఇప్పుడు సిల్వరు గిన్నెల మాట. సిల్వరు అంటాం గానీ అది అల్యూమినియమే. "అవి వాడకూడదట కదా, పారేయమంటారా?" అని చాలా ఊళ్లలో అడిగారు. పారేయొద్దు. అన్నం వండుకోండి, నీళ్లు కాచుకోండి, పప్పు ఉడకబెట్టుకోండి. పులుపు దగ్గరే జాగ్రత్త. చింతపండు, టమాటా, మామిడికాయ, మజ్జిగ అల్యూమినియాన్ని తింటాయి, ఆ తిన్నది మనం తింటాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కూడా పచ్చళ్లు, సాంబారు లాంటి పుల్లటివి అల్యూమినియం, ఇనుము, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో నిలవ ఉంచొద్దని చెప్పారు. మన ఇళ్లలో జరిగేది సరిగ్గా అదే కదా. పొద్దున కాచిన పులుసు రాత్రి దాకా ఆ గిన్నెలోనే ఉంటుంది, మర్నాడు చద్దన్నంలోకీ అదే. వండగానే స్టీలు గిన్నెలోకో, మట్టి చట్టిలోకో, జాడీలోకో వంచేయండి. అంతే పని. బడి వంటలో పెద్ద డేగిసాలు ఇంకా అల్యూమినియానివే చాలా చోట్ల ఉన్నాయి. పప్పు, కూరగాయ ముక్కలు పూర్తిగా ఉడికాక, దించే ముందు చింతపండు పులుసు పోసి, ఒక పొంగు రాగానే స్టీలు బకెట్లలోకి తీసేయమని వంట చేసే సభ్యులకు చెప్పాం. పులుసు ముందే పోస్తే పప్పు ఉడకడం కూడా ఆలస్యం, గ్యాసు దండగ.

పాత తుక్కు కరిగించి పోత పోసిన చవక గిన్నెలు, ఎవరు చేశారో పేరు లేనివి, ఇంట్లోకి రానివ్వొద్దు. అందులో సీసం కలిసే ప్రమాదం ఉంది. సీసం చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది. అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024 డిసెంబరులో ఇలాంటి విదేశీ అల్యూమినియం, ఇత్తడి, హిండాలియం పాత్రల మీద అక్కడి దుకాణాలకు హెచ్చరిక పంపింది. అమెరికా వెళ్లే పిల్లల పెట్టెల్లో గిన్నెలు సర్దే అక్కలు మనలోనూ ఉన్నారు, అందుకని చెప్పాం.

సిల్వరు గిన్నె లోపల బూడిదరంగు పొర కడుతుంది. అది మురికి కాదు, లోహానికి కాపుదల. ఇసుక, ఇనప పీచు పెట్టి తళతళలాడేదాకా తోమితే ఆ పొర పోతుంది, గిన్నె ఏటేటా పల్చబడుతుంది, మన చేతులూ అరుగుతాయి. వంట సోడా పెట్టినా అల్యూమినియం నల్లబడుతుంది. సోడా స్టీలుకి మంచిది: మాడిన స్టీలు గిన్నెలో నీళ్లు పోసి, చెంచాడు సోడా వేసి మరిగించి, గంట వదిలేస్తే మాడు చేత్తోనే లేస్తుంది. స్టీలుకి పడనిది ఉప్పు. చన్నీళ్లలో ఉప్పు వేసి వదిలేస్తే అడుగున చేరి సన్నటి గుంటలు పెడుతుంది. నీళ్లు మరిగాక వేసి కలపండి. ఊరగాయ స్టీలు డబ్బాలో పెట్టొద్దు. బోరు నీళ్లకి పట్టే తెల్లటి చారలకు వాడేసిన నిమ్మచెక్క చాలు.

ఇనప మూకుడు, ఇనప పెనం మళ్లీ వాడకంలోకి తేవాలని మేము గట్టిగా కోరుతున్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తం తక్కువ. ఇనప మూకుడులో గోంగూర, టమాటా కూర లాంటివి వండితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. అది ఐరన్ మాత్రలకు బదులు కాదు, మాత్రలు మానొద్దు. వండగానే వేరే గిన్నెలోకి తీయాలి, లేకపోతే కూర నల్లబడి చిలుము వాసన వస్తుంది. కొత్త మూకుడు తెచ్చాక గంజి పోసి ఒకటి రెండు రోజులు నానబెట్టి, కడిగి, పొయ్యి మీద ఆరబెట్టి, ఉల్లిపాయ చెక్కతో నూనె రుద్దండి. నాలుగైదు సార్లు అలా చేస్తే నల్లగా నునుపెక్కుతుంది. తర్వాత ఎప్పుడు కడిగినా తడి లేకుండా మంట మీద ఆర్పి, ఒక చుక్క నూనె రాయడమే. అలా పదును పట్టిన పెనం మీద అట్టు అంటుకోదు, నాన్‌స్టిక్ పెనం అవసరమూ పడదు. ఉన్నవాళ్లు దాన్ని ఖాళీగా కాల్చొద్దు. 170 డిగ్రీలు దాటితే ప్రమాదమని ఇందాక చెప్పిన సంస్థే అంది. చెక్క గరిటె వాడండి, పూత లేచిపోతే మానేయండి.

కుక్కరు గురించి రెండు ముక్కలు. పప్పు పెడితే సగానికి మించి నింపొద్దు, నురగ లేచి ఆవిరి రంధ్రం మూసుకుపోతుంది. విజిల్ పెట్టేముందు ఆ రంధ్రంలోంచి వెలుతురు కనిపిస్తోందా చూడండి. రబ్బరు గట్టిపడితే మార్చండి. సేఫ్టీ వాల్వు మాత్రం ఆ కంపెనీదే వేయించండి, పది రూపాయలు కలిసొస్తాయని వేరేది వద్దు.

ఇక మమ్మల్ని బాగా బాధపెట్టేది ఇత్తడి. పాత బట్టలకు స్టీలు గిన్నె ఇచ్చేవాళ్లు అటక మీది ఇత్తడి గుండిగ కూడా అడుగుతున్నారు. "నల్లగా ఉంది, ఎవరు తోముతారు" అని ఇచ్చేస్తున్నాం. ఐదు కిలోల గుండిగ వెళ్లిపోతుంది, కిలో స్టీలు వస్తుంది. తుక్కు కింద అమ్మినా ఇత్తడికి మంచి ధర ఉంటుంది, స్టీలు తుక్కుకి అందులో చిన్న వంతే. ఆ గుండిగ పుట్టింటి వాళ్లు సారెలో పెట్టింది కూడా కావచ్చు. ఇంట్లో మన పేరున ఉన్న వస్తువులే తక్కువ. అమ్ముకోవాలనుకుంటే అమ్ముకోండి, మీ ఇష్టం. తూకం వేయించి, ఆ రోజు ధర కనుక్కుని అమ్మండి.

వాడుకోవాలంటే లోపల కళాయి పూత ఉండాలి. లేకపోతే పులుపు తగిలి పచ్చటి కిలుము పడుతుంది, అది కడుపులోకి వెళ్లకూడదు. కళాయి వేసే ఆయన గిన్నెని కాల్చి, నవసాగరం చల్లి, తగరం రాసి దూదితో రుద్దుతాడు. దగ్గరుండి చూడండి, సీసం కలపని తగరమేనా అని అడగండి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, కాబట్టి కళాయి గిన్నెని ఖాళీగా మంట మీద పెట్టొద్దు, అందులో వేపుళ్లు చేయొద్దు. పొంగలికీ, పరమాన్నానికీ దాన్ని మించింది లేదు. లోపల ఇత్తడి కనబడడం మొదలెడితే మళ్లీ పూత వేయించాల్సిందే. ఒకప్పుడు కళాయి వేసేవాళ్లు వీధిలోకే వచ్చేవారు, ఇప్పుడు మనం వెతుక్కోవాలి. తణుకు దగ్గర అజ్జరం ఇప్పటికీ ఇత్తడి పనికి పేరున్న ఊరు. పది పదిహేను ఇళ్ల గిన్నెలు ఒకేసారి పోగైతే ఆటో ఖర్చు తలా కొంచెం పడుతుంది.

ఈ మహాసభ ముందు మేము పెడుతున్నవి రెండు. ఒకటి, సంఘం సమావేశం జరుగుతుండగా బయటివాళ్లు సామాను పరిచి అమ్మడానికి వీల్లేదని ప్రతి గ్రామ సంఘం తీర్మానం రాసుకోవాలి. కొనుక్కునే ఆమె సమావేశం అయ్యాక, ఇంటికెళ్లి ఆలోచించుకుని కొనుక్కుంటుంది. రెండు, పాత్రల కోసం అప్పు అడిగిన సభ్యురాలికి, అది వెయ్యి రూపాయలైనా సరే, అంతర్గత అప్పు కింద ఇవ్వాలి. "గిన్నెలకు కూడా అప్పా" అని ఎగతాళి చేసి పంపిస్తే ఆమె వారం వాయిదాల వాళ్ల దగ్గరికే వెళుతుంది.

అద్దె డేగిసాలను ఇచ్చేటప్పుడు, తిరిగి తీసుకునేటప్పుడు తూచే కాటా గ్రామ సంఘం గదిలోనే ఉంటుంది. నెలలో మొదటి సమావేశం రోజున మధ్యాహ్నం రెండు గంటల నుంచి సభ్యుల ఇంటి గిన్నెలు కూడా అక్కడ తూచి చెబుతాం, ఏమీ ఇవ్వక్కర్లేదు. కళాయికి పంపే గిన్నెలు అదే రోజు తెచ్చి, అడుగున పేరు రాసిన కాగితం అంటించి, పుస్తకంలో రాయించండి. పేర్లు కలిసిపోతే ఎవరి గుండిగ ఎవరింటికి వెళ్లిందో తేల్చడం మా వల్ల కాదు.