సత్యభామ నుండి సుభద్ర వరకు

చలనచిత్రమున నాయికను మనమెల్లరము గుర్తుంచుకొందుము. ఆమెకు తల్లిగనో, అత్తగనో నటించినవారి పేరు మాత్రము తెరపై చదివి, ఇల్లు చేరులోగా మఱచిపోవుదుము. అట్లు మఱవదగని నటీమణులలో శ్రీమతి ఋష్యేంద్రమణిగా రొకరు.

వీరు 1917లో విజయవాడలో జన్మించిరి. చిన్ననాటనే రంగస్థల మెక్కిరి. మైకులు అరుదుగనుండిన ఆ కాలమున కడపటి వరుసవానికి సయితము మాట స్పష్టముగ వినబడవలెను. రాగము సాగినను పద్యభావము చెడరాదు. తెల్లవారుదాక గొంతు నిలువవలెను. వీరికి టాకీలలో అక్కఱకు వచ్చినది ఈ సాధనయే.

1935లో వెలువడిన 'శ్రీకృష్ణ తులాభారము' చిత్రమున వీరు సత్యభామ. అప్పటికి వీరి వయస్సు పదునెనిమిది యేండ్లు. సత్యభామ యనగనే స్థానం నరసింహారావుగారు స్ఫురించు రోజులవి. పురుషుడు పండించిన స్త్రీపాత్రను ఒక యువతి ధరించి మెప్పింపవలసి వచ్చినది. నేపథ్యగానము లేదు గనుక పాటయు, అభినయమును తామే నిర్వహింపవలెను. పిదప 1942లో గూడవల్లి రామబ్రహ్మముగారి 'పత్ని' చిత్రమున కణ్ణగి పాత్రను ధరించిరి.

కాలము మాఱినది. నాయికాపాత్రలు ఇతరులకు పోయినవి. 1954లో 'విప్రనారాయణ'యందు వీరు దేవదేవికి తల్లియైన రంగసాని. కూతురి అందమును ధనముతో తూచు తల్లి. 1957లో 'మాయాబజారు'నందు అభిమన్యుని తల్లియైన సుభద్ర. అభిమన్యుడుగ నటించిన నాగేశ్వరరావుగారికన్న వీరు పదియేండ్లైనను పెద్దవారు కారు!

దీనిని దిగుడని తలచువారు కలరు. మేమట్లు తలపము. ఇచ్చిన మాటను పుట్టినింటివారు తప్పగా కొడుకును వెంటబెట్టుకొని ద్వారకను వీడిన సుభద్రను స్మరింపుడు. అడవిలో ఘటోత్కచునితో పోరి అభిమన్యుడు మూర్ఛిల్లగా, ఆ తల్లి ఏడ్చుచు కూర్చుండదు, విల్లందుకొనును. అచట కనబడునది వట్టి తల్లి కాదు, అర్జునుని యిల్లాలు. ఎస్.వి. రంగారావుగారి వంటి మహానటు నెదుట వెనుదీయక నిలిచిన ఆ కంఠము నాటకశాల లిచ్చినది. నాయిక పాత్ర పోయినది గాని, సత్యభామ పౌరుషము పోలేదు.

వీరు 2002లో దివంగతులైరి. 'మాయాబజారు'ను మరల చూచునపుడు ఆ ఘట్టమున ఒక్క నిమిషము కన్నులు మూసికొని వినుడు. మాటలో ప్రతి యక్షరము విడివిడిగ పలుకును. వెనుక వరుసలో కూర్చున్న ప్రేక్షకుని ఆమె యెన్నడును మఱవలేదు. ఆమెను మనము మఱచుట న్యాయము కాదు.