యంత్రమునకు తేదీ చెప్పుట

(హల్దియాపదర్‌లో తెలుగువారి సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



ఈ పత్రిక వారమున కొకమారు మీ చేతికి వచ్చుచున్నది. ఇందు “రేపు సాయంకాలము సభ” అని ప్రకటించితిమనుకొందము. అది వ్రాసిననాటి రేపా, అచ్చయిననాటి రేపా, మీరు చదివిననాటి రేపా? మనుష్యులము గనుక ప్రక్కవారి నడిగి తెలిసికొందుము. కంప్యూటరునకు ఆ యలవాటు లేదు. అడుగుమని ముందుగా నేర్పిననే తప్ప అడుగదు. నేడు బ్యాంకులలోను, కార్యాలయములలోను, పాఠశాలలలోను దినములను లెక్కించునది ఆ యంత్రమే. మనము మాటలలో చెప్పిన దినమును అది అంకెలలోనికి మార్చు విధమును, అందు మనవంటివారికి కలుగు చిక్కును గూర్చి కొంచెము మనవి చేయుదుము.

ఈ విద్య నిన్న మొన్న పుట్టినది కాదు. “వచ్చే శుక్రవారము” వంటి మాటను తేదీగా మార్చు ప్రోగ్రామును యూనిక్స్ యంత్రములకై స్టీవెన్ బెలోవిన్ గారు అమెరికాలోని ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయమున నున్నప్పుడే వ్రాసిరి. పద్ధతి మూడు మెట్లుగా నుండును. మొదట వాక్యములో కాలమును తెలుపు మాటల నేరుకొనవలెను. పిదప ఆ మాటలను ఏ దినము నాధారముగా పలికిరో నిర్ణయింపవలెను. తుదకు సంవత్సరము, నెల, దినము అను వరుసలో అంకెలు నిలుపవలెను. ఈ వరుసను ఐ.ఎస్.ఓ. 8601 అను అంతర్జాతీయ ప్రమాణము 1988లో స్థిరపరచినది. వరుస తెలియనిచో 5-6-2024 అనునది మనకు జూన్ 5, అమెరికావారికి మే 6 అగును.

మూడవ మెట్టు సులభము. కష్టమంతయు మొదటి రెంటిలో నున్నది. ఇప్పుడే మేము “నిన్న మొన్న” అంటిమి. మొన్న యనగా నిన్నటికి ముందుదినమని యంత్రమునకు నేర్పినచో, అది మా మాటను పట్టుకొని రెండు దినములు వెనుకకు లెక్కించును. మనకు నిన్నకును రేపునకును వేరువేరు మాటలు గలవు. మన యొడియా సోదరులు వాడుకలో రెంటికిని “కాలి” యనియే యందురు, క్రియను బట్టి యర్థము తేలును. కావున మాటను మాత్రము చూచిన చాలదు, వాక్యమంతయు చూడవలెను.

గడువులు చెప్పునప్పుడు చిక్కు మరియొక తీరున వచ్చును. “సోమవారము నుండి శుక్రవారము వరకు సెలవు” అన్నచో మన లెక్కకు అయిదు దినములు. తేదీలోనుండి తేదీని తీసివేసినచో యంత్రమునకు నాలుగే మిగులును. “పదవ తేదీలోపల” అన్నప్పుడు పదవ తేదీ చేరునా, చేరదా? రాత్రి రెండు గంటలకు శిశువు పుట్టినచో పంచాంగమున అది శుక్రవారమే, సూర్యోదయము కాలేదు గనుక. కార్యాలయమున అది శనివారము.

ఇక మన ప్రాంతపు సంగతికి వత్తుము. ఇచట ఒక యింట ఉగాది, ప్రక్క యింట ఏప్రిల్ 14 ప్రాంతమున పణా సంక్రాంతి. “క్రొత్త సంవత్సరము నుండి” యన్న మాటకు గోడ కీవల ఒక యర్థము, ఆవల మరొక యర్థము. అమావాస్యతో నెల ముగియుట మన లెక్క. పూర్ణిమతో ముగియుట ఒడియావారి చాంద్రమాసపు లెక్క. శుక్లపక్షమున భేదము లేదు. బహుళపక్షమున మాత్రము నెల పేరే మారిపోవును. కృష్ణాష్టమి మనకు శ్రావణ బహుళాష్టమి. వారికి అదే దినము భాద్రవ కృష్ణాష్టమి.

ఒక వృద్ధుని జాతకమున “ధాత నామ సంవత్సర శ్రావణ బహుళాష్టమి” యని యున్నదనుకొందము. ధాత అరువదేండ్ల కొకమారు వచ్చును: 1876, 1936, 1996. మనిషిని చూచిన కన్నులకు 1936 అని తెలియును, యంత్రమునకు తెలియదు. ఏడు తెలిసినను పూర్ణిమాంతపు లెక్కతో చూచినచో, ఆగస్టులో పుట్టినవాడు జూలైలో పుట్టినట్లగును. ఇందు జాతకమునను తప్పు లేదు, లెక్కలోను తప్పు లేదు; ఏ లెక్కయో చెప్పకపోవుటయే తప్పు.

దస్తావేజుల సంగతియు నట్టిదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడువరకు బరంపురము మదరాసు రాజధానిలో నుండెను. అచటి ఫసలీ జూలై 1న ప్రారంభమగును. ఫసలీ 1345 అనగా 1935 జూలై 1 నుండి 1936 జూన్ 30 వరకు. ఆ యంకె యొక్కటియే యున్న కాగితమును చూచి, అది మదరాసు కాలపుదో ఒరిస్సా కాలపుదో చెప్పజాలము. దానిని 1935 అని యొక్క గడిలో నింపినచో, కాగితము చెప్పని మాటను దానిచేత చెప్పించినవార మగుదుము.

ఇట్టి గడులే మా భయమునకు కారణము. నెల తెలియదు, దినము తెలియదు. గడి ఖాళీగా నుండరాదని జనవరి 1 అని వ్రాయుదురు. పది సంవత్సరములు గడచిన పిమ్మట ఆ జనవరి 1 సత్యమై కూర్చుండును. పింఛనునకు, పట్టాకు, వారసత్వమునకు అదియే సాక్షి. ఇంటి పెద్ద చెప్పు మాటను వినువా రుండరు.

దీనికి ఉపాయము లేకపోలేదు. 2019లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 8601 రెండవ భాగము సందిగ్ధమైన తేదీకి ప్రశ్నార్థక చిహ్నమును, ఉజ్జాయింపు తేదీకి అలగీతను అనుమతించినది. తెలియనిదానిని తెలియనట్లే వ్రాయవచ్చునని యంత్రశాస్త్రమే యొప్పుకొన్నది. ఇక వాడుకలోనికి తెచ్చుట మిగిలినది.

ప్రోగ్రాములు వ్రాయు మన యువకులకు మా మనవి యిది. మాటను తేదీగా మార్చిన పిదప మాటను పారవేయకుడు. రెండును ప్రక్కప్రక్కన నుంచుడు. మాట పలికిన దినమును, లెక్కించిన పంచాంగమును వ్రాసి యుంచుడు. ఒక దినము తేలనిచో మొదలు, తుది గల గడువుగా నిలుపుడు. సందేహమైనచో యంత్రముచేత ప్రశ్న వేయింపుడు.

పెద్దలకు, తల్లులకు మరియొక మనవి. “ఠాకురాణి యాత్ర జరిగిన యేడు పుట్టినాడు” అని మీ రందురు. బరంపురమున ఆ యాత్ర రెండేండ్ల కొకమారు వచ్చునది. ఏ యాత్రయో చెప్పనిచో మనుమడు తెలిసికొనలేడు. “ఫైలిన్ తుఫాను నాడు” అన్నచో 2013 అక్టోబరు 12 అని తేలును. కావున మీ యింటి జననములు, వివాహములు, భూముల వ్యవహారములు మీ మాటలలోనే వ్రాయించి, ప్రక్కన తెలిసినంతవరకు ఇంగ్లీషు తేదీని, “అమాంతము” అను నొక్క మాటను చేర్చుడు. ఈ వ్రాతకు ఒక సాయంకాలము చాలును.

చివరకు మా పత్రిక తప్పును మేమే దిద్దుకొందుము. ఇకమీదట ఇందు “రేపు” అని వ్రాయము. వారమును, తేదీని వ్రాయుదుము. సెలవు.