నిజం రాస్తే పాలసీ లేదు, రాయకపోతే క్లెయిము లేదు

(ఉద్దానంలోని ఒక దళితవాడలో ఇటీవల జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

వాడలో బీమా ఏజెంట్లు తిరుగుతున్నారు, దాని గురించి నాలుగు ముక్కలు చెప్పండి మాస్టారూ అని మన కుర్రాళ్లు అడిగారు. నేను డాక్టర్ని కాను. బీమా కంపెనీ మనిషినీ కాను. మా ఇంట్లో మొట్టమొదట డిగ్రీ చదివినోణ్ణి, బడిపంతుల్ని. ఈ సంగతి మాట్లాడ్డానికి నాకున్న అర్హతల్లా నేను చేసిన ఒక తప్పు. ముందు అది చెప్పేస్తాను.

2020 సంక్రాంతికి మా అన్న కొడుకు హైదరాబాద్ నుంచి ఇంటికొచ్చాడు. అక్కడ అపార్టుమెంట్లలో ప్లంబింగు పని. వాడి వెనకాలే ఒక ఏజెంటు వచ్చాడు. ఒక ప్రైవేటు కంపెనీ, మూడు లక్షల పాలసీ, ఏడాదికి తొమ్మిది వేల చిల్లర ప్రీమియం. ఫారం అంతా ఇంగ్లీషు. మా వదిన ఆ ఫారం తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఏటి రాసినారో సూడు బాబూ, నువ్వు సదువుకున్నోడివి గదా" అంది.

చూశాను. అందులో ఒక ప్రశ్న ఉంది: గుండె, కిడ్నీ, కాలేయం జబ్బులు ఇంతకు ముందు ఏమైనా ఉన్నాయా? ఏజెంటు అప్పటికే లేదని టిక్కు పెట్టేశాడు. నాకు ఒక కాగితం గుర్తొచ్చింది. 2017లో మన ఊళ్లలో కిడ్నీ శిబిరాలు పెట్టారు కదా, రామమందిరం దగ్గర. పొద్దున్నుంచీ ఊరివాళ్ల వరస నడిచి, మన వాడవాళ్ల వంతు మధ్యాహ్నం రెండింటికి వచ్చింది, మీకు జ్ఞాపకమే. ఆ రోజు వీడి రక్తంలో క్రియాటినిన్ 1.9 వచ్చింది. మళ్లీ చూపించుకోమన్నారు. వాడు చూపించుకోలేదు. మూడోనాడే బండెక్కి హైదరాబాద్ పోయాడు.

ఆ కాగితం సంగతి ఏజెంటుని అడిగాను. "అది క్యాంపు కాగితమండీ, ఆస్పత్రిలో చేరింది కాదు గదా, అదంతా ఎవరు చూస్తారు" అన్నాడు. నేను ఊరుకున్నాను. సంతకం ఎక్కడ పెట్టాలో వాడికి వేలుపెట్టి చూపించింది కూడా నేనే.

2022లో వాడికి కాళ్లు పొంగాయి, ఊపిరాడలేదు. పట్నంలో ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. చేర్చుకునేటప్పుడు కుర్ర డాక్టరు అడిగితే, అయిదేళ్ల కిందటే క్యాంపులో క్రియాటినిన్ ఎక్కువన్నారండీ అని నేనే చెప్పాను. డాక్టరుకి నిజం చెప్పకపోతే ఎలాగ? ఆయన కేసు షీటు మీద ఒక్క లైను రాసుకున్నాడు. అయిదేళ్లుగా కిడ్నీ జబ్బు ఉన్న మనిషి అని. కంపెనీ ఆ లైను పట్టుకుంది. జబ్బు దాచిపెట్టి పాలసీ తీసుకున్నారంది. క్లెయిము లేదు, పాలసీ రద్దు, కట్టిన డబ్బు కూడా రాదని ఉత్తరం పంపింది. అది కూడా ఇంగ్లీషే. వాడికి చదివి వినిపించవలసింది మళ్లీ నేనే.

వాడు ఇక్కడే వెనక వరసలో కూచున్నాడు. వాణ్ణడిగే చెప్తున్నాను.

సరే, ఆ రోజు నేను నిజమే రాయించి ఉంటే ఏమయ్యేది? చాలా రోజులు ఇదే ఆలోచించాను. 2019లో బీమా నియంత్రణ సంస్థ కంపెనీలకు కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. పాలసీ తీసుకునే ముందే కొన్ని జబ్బులుంటే, ఆ మనిషి ఒప్పుకోలుతో, ఆ జబ్బుని శాశ్వతంగా పాలసీలోంచి తీసేయొచ్చని ఒక జాబితా పెట్టింది. క్యాన్సరు, పక్షవాతం, మూర్ఛ, హెచ్ఐవీలతో పాటు దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కూడా ఆ జాబితాలో ఉంది. అంటే నిజం రాస్తే రెండే దారులు. పాలసీయే ఇవ్వరు, లేదా కిడ్నీ తప్ప మిగతా ఒంటికి ఇస్తారు. ఉద్దానం మనిషికి కిడ్నీ తీసేసిన పాలసీ ఎందుకు? వరదొచ్చే ఏటి ఒడ్డునున్నోడికి, నీళ్లు తప్ప దేనివల్ల ఇల్లు కూలినా డబ్బులిస్తాం అన్నట్టుంది.

దీన్ని కంపెనీల చెడ్డతనం అని తిట్టి వదిలేస్తే మనకి అసలు సంగతి అర్థం కాదు. వాళ్ల వ్యాపారమే అది. నూరు మంది దగ్గర డబ్బు వసూలు చేసి, అయిదుగురికో పదిమందికో జబ్బు చేస్తే ఇచ్చి, మిగిలింది తాము ఉంచుకోవాలి. జబ్బు ఖాయంగా వచ్చేవాణ్ణి, వచ్చి చచ్చేదాకా పోనివాణ్ణి చేర్చుకుంటే వాళ్లకి నష్టం. ఎముక విరిగితే ఒకసారి కట్టు కడతారు, అయిపోతుంది. కిడ్నీ అలా కాదు. వారానికి మూడుసార్లు డయాలసిస్ అంటే ఏడాదికి 156 సార్లు. సారికి 2,000 రూపాయలు వేసుకున్నా 3,12,000. మూడు లక్షల పాలసీ ఏడాది తిరక్కుండా హరించుకుపోతుంది. ఆ లెక్కలో బస్సు ఛార్జీ లేదు, తోడొచ్చే మనిషి కూలి లేదు, ఇంటి దగ్గర మింగే మాత్రలు చాలావరకు ఉండవు. వారంలో మూడు రోజులు మంచానికి కట్టుబడ్డ మనిషికి కూలి ఎవడిస్తాడు, అదీ లేదు. ఇన్ని లేనప్పుడు ఏ కూలి డబ్బుతో వచ్చే ఏడు ప్రీమియం కడతాడు?

ఇంకొక చిక్కుంది. మన ప్రాంతపు జబ్బు బీపీ వల్లా షుగరు వల్లా మాత్రమే వచ్చేది కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం, పలాస మండలాల్లో కొబ్బరి, జీడి తోటల్లో ఎండకి పనిచేసే జనానికే ఎందుకొస్తుందో ఇన్నేళ్ల పరిశోధన తర్వాత కూడా ఇదీ కారణమని ఎవరూ తేల్చలేదు. నీళ్లంటారు, పురుగుమందులంటారు, ఎండలో ఒంట్లో నీరు ఇంకిపోవడమంటారు, నొప్పి మాత్రలంటారు. శ్రీలంకలో వరి రైతులకీ, మధ్య అమెరికాలో చెరకు నరికే కూలీలకీ ఇలాంటి జబ్బే ఉంది. అక్కడా ఎండలో ఒళ్లు వంచేవాళ్లే. ఈ జబ్బు చప్పుడు చేయదు. కిడ్నీల శక్తి సగం పోయేదాకా క్రియాటినిన్ సరిగా పెరగను కూడా పెరగదు.

అందుకే మనం అందరికీ పరీక్ష చేయించుకోండి, చేయించుకోండి అని గొంతు చించుకుంటున్నాం. ఆ పరీక్ష కాగితమే రేపు కంపెనీ చేతిలో మన మీద సాక్ష్యం. మొన్న ఒక కుర్రాడు మొహమ్మీదే అన్నాడు: "పరీక్ష చేయించుకోకుండా పాలసీ తీసుకుంటే సరిపోద్ది గదా మాస్టారూ" అని. వాడి తెలివికి నవ్వొచ్చింది గానీ, వాడన్నది తప్పని నేను గట్టిగా అనలేకపోయాను. అయినా చెప్తున్నా, పరీక్ష మానకండి. ముందే తెలిస్తే బీపీ అదుపులో పెట్టుకుని, నొప్పి మాత్రలు మానుకుని, డయాలసిస్‌ని కొన్నేళ్లు వెనక్కి నెట్టొచ్చు. ఆ కొన్నేళ్లు ఏ పాలసీ ఇవ్వదు.

మరి మా అన్న కొడుకుని ఇన్నాళ్లూ ఎవరు బతికించారు? ప్రభుత్వ పథకం. ఆరోగ్యశ్రీని 2007 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. అప్పుడది ఒక ప్రైవేటు బీమా కంపెనీకి ప్రభుత్వం ప్రీమియం కట్టి నడిపింది. తర్వాత ట్రస్టు చేతికి తెచ్చారు. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. పేరు ఏదైనా, పాత జబ్బా కొత్త జబ్బా అని అడగదు, అదీ దాని విలువ. డయాలసిస్ వాళ్లకి నెలకు 10,000 పెన్షన్ వస్తున్నది. పలాసలో కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారు. ఇవి ఎవరూ దయతలచి ఇవ్వలేదు. ఉద్దానం జనం ఏళ్ల తరబడి రోడ్డెక్కితే వచ్చాయి.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఒక కొత్త పద్ధతికి ఆమోదం ఇచ్చింది. రెండున్నర లక్షల వరకు ఖర్చు బీమా కంపెనీల ద్వారా, ఆ పైన 25 లక్షల దాకా ట్రస్టు ద్వారా. బీదా గొప్పా అందరికీ వర్తిస్తుందన్నారు, మంచిదే. కానీ మొదటి రెండున్నర లక్షల దగ్గర గుమ్మంలో నిలబడేది కంపెనీ. ప్రతి డయాలసిస్ మనిషీ ముందు ఆ గుమ్మం దాటాలి. ప్రభుత్వ పథకం కాబట్టి ముందే ఉన్న జబ్బని తోసెయ్యకూడదు. అయితే కాగితం సరిగా లేదని, ఫొటో కలవలేదని, అనుమతి ఇంకా రాలేదని ఆపడం కూడా తోసెయ్యడమే. డయాలసిస్ ఒక వారం ఆగితే మనిషే ఆగిపోతాడు. కాబట్టి మన కోరిక ఒకటే: డయాలసిస్‌ని మొదటి రూపాయి నుంచీ ట్రస్టు చేతిలోనే ఉంచండి. ఎమ్మెల్యేకి, కలెక్టరుకి, గ్రీవెన్సులో ఇచ్చే అర్జీ సిద్ధం చేశాం. సభ అయ్యాక సంతకాలు పెట్టండి, వేలిముద్రలైనా సరే.

బాబాసాహెబ్‌ని దండలెయ్యడానికి తప్ప తలుచుకోం. ఆయన 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్' అని రాజ్యాంగ సభ కోసం ఒక పత్రం రాశారు. అందులో బీమా ప్రభుత్వం ఒక్కదాని చేతిలోనే ఉండాలని, ప్రతి వయోజనుడూ తన కూలికి తగిన జీవిత బీమా తీసుకునేలా ప్రభుత్వమే చూడాలని కోరారు. జీవిత బీమా 1956లో, మిగతా బీమా 1970లలో ప్రభుత్వపరం అయ్యాయి. 1999 చట్టంతో మళ్లీ ప్రైవేటుకి తలుపులు తీశారు.

వయిస్రాయి కౌన్సిల్లో ఆయన కార్మిక సభ్యుడుగా ఉన్న రోజుల్లోనే ఫ్యాక్టరీ కార్మికుల ఆరోగ్య బీమాకి పథకం తయారైంది. అదే 1948లో ఈఎస్ఐ చట్టమైంది. జీడిపిక్కల ఫ్యాక్టరీలకి వెళ్లే అక్కలు వినాలి. మీ ఫ్యాక్టరీలో పది మంది, అంతకు మించి పనిచేస్తుంటే, మీ నెల జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ మీ హక్కు. యజమాని 3.25 శాతం కట్టాలి, మీ జీతంలోంచి 0.75 శాతం. ఈఎస్ఐ ఫారం మీద మీ పాత జబ్బు అడగరు. ఎంతమందికి కార్డులున్నాయి ఇక్కడ? చేతులెత్తండి... చూశారా! ఆ లెక్క మనం రాసుకుని యజమానిని అడగాలి. తోటల్లో కూలికెళ్లేవాళ్లకి అది కూడా లేదు. మన సంఘం దగ్గర కూడా దానికి జవాబు లేదు, ఉన్నమాట చెప్తున్నాను.

ఇక ప్రైవేటు పాలసీ ఇప్పటికే తీసుకున్నవాళ్లకి. వయసులో ఉండి, పరీక్షలో ఏమీ లేనివాళ్లు, డబ్బుంటే తీసుకోండి, నేను వద్దనను. కానీ ఫారం మీద టిక్కు ఏజెంటుని పెట్టనివ్వకండి. షరతుల సారాంశం తెలుగులో ఇమ్మని అడగండి, అడిగితే ఇవ్వాలి. పాలసీ వచ్చిన 30 రోజుల్లో నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు. 2024లో నిబంధనలు కొంచెం మారాయి. ముందే ఉన్న జబ్బుకి వెయిటింగ్ పీరియడ్ మూడేళ్లకి మించకూడదు. అయిదేళ్లు ఆగకుండా ప్రీమియం కడితే, మోసం రుజువు చేస్తే తప్ప, జబ్బు దాచారన్న వంకతో క్లెయిము కాదనకూడదు. అన్ని రకాల జబ్బులున్నవాళ్లకీ పాలసీలు తయారు చేయమని కూడా కంపెనీలకి చెప్పారు. ఎవరికి ఇవ్వాలి, ఎంతకివ్వాలి అన్నది మాత్రం వాళ్ల చేతిలోనే ఉంది.

క్లెయిము కాదంటే, ఏ షరతు కింద కాదంటున్నారో రాసిమ్మనండి. ముందు కంపెనీకే ఫిర్యాదు రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నాడు, మన రాష్ట్రానికీ ఆయనే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. గడువు ఒక్క ఏడాది.

ఆ ఏడాది దగ్గరే నేను రెండోసారి ఓడిపోయాను. ఒక్కసారి క్రియాటినిన్ పెరిగినంత మాత్రాన దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనరు. మూడు నెలలకు పైగా అలాగే ఉందని మళ్లీ పరీక్ష చేసి తేలిస్తేనే అంటారు. మావాడికి 2017లో జరిగింది ఒకే ఒక్క పరీక్ష. అది చూపించి కొట్లాడవచ్చని ఒక మిత్రుడు చెప్పేనాటికి, కంపెనీ ఉత్తరమొచ్చి పద్నాలుగు నెలలు. గెలిచేవాళ్లమో లేదో తెలీదు, కొట్లాడి ఉండాల్సింది. చదువుకున్నోడినన్న పేరే గానీ, ఆ ఉత్తరాన్ని నేను పెట్టెలో పెట్టి మూశాను.

అందుకని ఈ ఆదివారం నుంచీ పొద్దున తొమ్మిదికి బడి వరండాలో కూచుంటాను. పాలసీ కాగితాలు, క్యాంపు కాగితాలు, కంపెనీ ఉత్తరాలు ఏవున్నా తీసుకురండి. నలిగిపోయినవైనా, తడిసినవైనా సరే. ఇంటర్ చదివే ఇద్దరు ఆడపిల్లలు సాయం చేస్తామన్నారు. ఉత్తరం మీద తేదీ ముందు చూస్తాం, మిగతాది తర్వాత.

రేపు మా అన్న కొడుకు డయాలసిస్ రోజు. తెల్లారగట్ట అయిదున్నర బస్సుకి పోవాలి, ఇప్పటికే ఆలస్యమైంది. అర్జీ ఆ బల్ల మీద ఉంది.

జై భీమ్.