గ్రీష్మద్వేషము - హేమంతాపేక్ష



వైశాఖమాసము వచ్చినది మొదలు మృగశిర కార్తె ప్రవేశించువరకు మన ఇండ్లలో ప్రతిదినము వినిపించు మాట యొకటి కలదు. "ఈ ఎండలు ఎప్పుడు తగ్గునో, చలికాలము ఎప్పుడు వచ్చునో!" వంటయింట పొయ్యి ముందు నిలిచిన గృహిణి ఈ మాట అనును. ఆలయప్రాకారములో కాలిన రాతిపలకలపై పాదము మోపలేక పరుగెత్తు భక్తుడు ఈ మాటయే అనును. కొందరు మమ్ము అడుగుచుందురు: "శాస్త్రిగారూ! ఎండను ఇట్లు నిందించినచో సూర్యభగవానుని నిందించినట్లగునా? ఈశ్వరసృష్టియైన ఋతువును ద్వేషించుట దోషమా?" నేడు ఈ ప్రశ్ననే కొంత విచారింతము.

మొదట ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. ఎండకు శరీరము బాధపడుట దోషము కాదు. చల్లదనమును కోరుట అంతకంటె దోషము కాదు. శ్రీమద్భాగవతము దశమస్కంధమున, 18వ అధ్యాయములో శుకమహర్షి గ్రీష్మర్తువును ప్రస్తావించుచు, అది దేహధారులకు అంతగా ప్రీతి కలిగించునది కాదని తానే అంగీకరించినాడు. సర్వసంగపరిత్యాగియైన శుకుడే ఆ మాట అన్న తరువాత, సంసారులమైన మనము అన్నచో తప్పేమున్నది? వైద్యశాస్త్రమును చూడుడు. వాగ్భటాచార్యులు అష్టాంగహృదయములో సంవత్సరమును రెండుగా విభజించినారు. శిశిర వసంత గ్రీష్మములు ఆదానకాలము. అనగా సూర్యుడు ప్రాణుల బలమును తీసికొను కాలము. వర్ష శరత్ హేమంతములు విసర్గకాలము. అనగా తీసికొన్న బలమును మరల విడిచిపెట్టు కాలము. చలికాలమున దేహబలమును జఠరాగ్నియు హెచ్చుగా నుండును. గ్రీష్మమున రెండును క్షీణించును. కనుకనే ఆ ఋతువున వ్యాయామమును, ఎండను, ఉప్పు కారము పులుపులను తగ్గింపుమనియు, తేలికయైన చల్లని ద్రవాహారము తీసికొనుమనియు విధించినారు. ఇతర కాలములలో కూడదన్న పగటినిద్రను గ్రీష్మమున హితమని చెప్పినారు. అస్థికములైన మాటలు కావివి. శరీరధర్మమును ఎరిగిన ఋషుల కరుణ ఇది.

వేదము మాట ఏమి? ఋగ్వేదము దశమ మండలమున రోగికి ఆయుర్దాయము కోరు సూక్తమొకటి కలదు. నూరు శరత్తులు, నూరు హేమంతములు, నూరు వసంతములు జీవింపుమని అందు ఆశీర్వాదము. గమనింపుడు. ఆ దీవెనలో శరత్తు ఉన్నది, హేమంతము ఉన్నది, వసంతము ఉన్నది. గ్రీష్మము పేరు లేదు. మంచమున పడియున్న వానికి సుఖమైన ఋతువులనే లెక్కపెట్టి ఇచ్చినారు. కావున హేమంతమును ఆశించుట మనతో పుట్టిన అలవాటు కాదు. అది వేదమంత ప్రాచీనమైన కోరిక.

అయితే ఇంతటితో విచారణ ముగియలేదు. అదే దశమ మండలమున పురుషసూక్తము కలదు. మన తైత్తిరీయులు ఆరణ్యకములో పఠించునదియు ఆ సూక్తమే. దేవతలు చేసిన సృష్టియజ్ఞమునకు వసంతము నేయి అయినదనియు, గ్రీష్మము ఇధ్మము, అనగా సమిధలు, అయినదనియు, శరత్తు హవిస్సు అయినదనియు అందు చెప్పబడినది. ఇక్కడ గ్రీష్మము ఉన్నది. హేమంతము పేరు లేదు! ఎంత అర్థవంతముగా నున్నదో ఆలోచింపుడు. మనము వరము కోరుచోట హేమంతము వచ్చినది. త్యాగము జరుగుచోట గ్రీష్మము వచ్చినది. సమిధ తాను కాలనిదే అగ్ని లేదు. అగ్ని లేనిదే నేయి ఎందులో పోయుదురు? హవిస్సు ఎందులో వేల్తురు? తాను కాలి ఇతరులకు ఉపయోగపడు ఋతువు గ్రీష్మము. ఎండ కాయనిదే నీరు ఆవిరి కాదు, మేఘము లేదు, వాన లేదు, పంట లేదు. సంక్రాంతికి మన ఇంటికి వచ్చు క్రొత్త బియ్యములో జ్యేష్ఠమాసపు ఎండ దాగియున్నది.

మాసముల వైదిక నామములను కూడ చూడుడు. పంచాంగమున జ్యేష్ఠాషాఢములు గ్రీష్మర్తువు. మన తెలుగుదేశమున ఎండ వైశాఖముననే ముదురును, అది వేరు మాట. ఆ రెండు మాసములకు తైత్తిరీయ సంహిత ఇచ్చిన పేర్లు శుక్రము, శుచి. శుక్రమనగా ప్రకాశించునది. శుచి యనగా నిర్మలమైనది. మనము "పాడు ఎండలు" అను కాలమును వేదము "శుచి" అన్నది. హేమంతమాసములైన మార్గశీర్ష పుష్యములకు సహస్సు, సహస్యము అని పేర్లు. సహస్సు అనగా బలము. ఓర్చుకొనుట అను అర్థముగల ధాతువునుండి పుట్టిన పదమది. మనము కోరుకొను చలికాలము పేరులోనే సహనము ఉన్నది. ఓర్వనేర్చినవానికే హేమంతము బలమై వచ్చునని ఆ పేరు మనకు చెప్పుచున్నట్లు మాకు తోచును.

అయినచో ఎండను ద్వేషింపక, ఊరక భరింపక, ఏమి చేయవలెను? దీనికి మహాభారతము అనుశాసనపర్వమున ఒక చక్కని కథ కలదు. శ్రాద్ధాది పుణ్యకర్మలలో గొడుగును చెప్పులను ఏల దానము చేయుదురు, ఈ ఆచారము ఎట్లు పుట్టినది అని ధర్మరాజు అడుగగా భీష్మాచార్యులు చెప్పిన కథ ఇది.

జమదగ్ని మహర్షి ఒకనాడు వినోదమునకై ధనుస్సు ఎక్కుపెట్టి బాణములు వేయుచుండెను. ధర్మపత్ని రేణుకాదేవి పోయి ఆ బాణములను ఏరి తెచ్చి ఇచ్చుచుండెను. జ్యేష్ఠమాసము. మిట్టమధ్యాహ్నమైనది. రేణుకాదేవికి తల మాడినది, పాదములు కాలినవి. ఒక చెట్టు నీడలో క్షణకాలము నిలిచి, భర్త కోపించునేమోయను భయముతో వణకుచు బాణములు తెచ్చినది. "ఏల ఆలస్యమైనది?" అని మహర్షి అడిగెను. ఆమె ఉన్నమాట చెప్పినది. ఆ మాట వినగానే మహర్షి కోపము భార్యపైనుండి సూర్యునిపైకి మరలినది. దివ్యధనుస్సు పట్టి సూర్యునే కూల్చుదునని నిలిచెను. మనలో ఎండను తిట్టువారందరకు జమదగ్నియే పెద్ద!

అప్పుడు సూర్యుడు బ్రాహ్మణవేషమున వచ్చి, "అయ్యా! సూర్యుడు నీకేమి అపకారము చేసెను? అతడు కిరణములతో భూమిరసమును గ్రహించి వర్షాకాలమున మరల కురిపించును. దానివలన అన్నము, అన్నమువలన ప్రాణములు నిలుచుచున్నవి గదా" అని నచ్చజెప్పెను. మహర్షి శాంతింపలేదు. తుదకు సూర్యుడు శరణు వేడెను. శరణాగతుని చంపరాదు గనుక జమదగ్ని ధనుస్సు దించి, "అయినచో నీ తాపమునకు ఒక ప్రతిక్రియ చెప్పుము. నీ కిరణములు కాయుచున్నను మనుష్యుడు దారి నడువగలుగవలెను" అనెను. వెంటనే సూర్యుడు తలకు గొడుగును, కాళ్ళకు పాదరక్షలను ఇచ్చి, నేటినుండి ఇవి లోకమున ప్రచారమగుననియు, వీని దానము అక్షయఫలమిచ్చుననియు చెప్పెను.

ఈ కథలో మూడు విషయములు గ్రహింపవలెను. మొదటిది, మహర్షికి కోపము వచ్చినది తన తల మాడినందుకు కాదు, మరియొకరి పాదములు కాలినందుకు. రెండవది, సూర్యుడు తన వేడిని తగ్గించుకొనలేదు. తగ్గించుకొన్నచో లోకమునకు అన్నము లేదు. నీడను మాత్రము ఇచ్చెను. మూడవది, ఆ నీడను దాచుకొనుమని చెప్పలేదు, దానము చేయుమనెను. ఎండమీది కోపము గొడుగైనది. గొడుగు దానమైనది. గ్రీష్మద్వేషమునకు శాస్త్రము చూపిన సద్గతి ఇదియే.

స్కాందపురాణములోని వైశాఖమాహాత్మ్యము దీనినే విస్తరించినది. జలదానము, ప్రపాదానము, ఛత్రము, పాదుకలు, విసనకర్ర - ఇవి వైశాఖధర్మములు. ప్రపయనగా మన చలివేంద్రమే. మేము పాఠశాలలో చదువుకొను దినములలో వేసవి యంతయు సూర్యోదయమునకు ముందే వల్లెలు ముగించెడివారము. పొద్దెక్కిన తరువాత మా గురువుగారు అప్పగించిన పని యొకటి ఉండెడిది. వీధి అరుగుమీది పెద్ద కుండలో వట్టివేళ్ళు వేసి నీరు నింపవలెను. పశువుల తొట్టి నింపవలెను. ఆ రెండును నిండిన తరువాతనే మేము మంచినీరు త్రాగవలెను. దప్పికతో మోసిన నీరు గనుక, దప్పికయనగా ఏమో మాకు ఆనాడే తెలిసినది. గంటల తరబడి చేసిన వ్యాఖ్యానము చెప్పలేని అర్థమును ఆ కుండ చెప్పినది.

నేడు ఎండనుండి తప్పించుకొను మార్గములు పెరిగినవి. ఇంటింట కూలర్లు, ఏ.సి. యంత్రములు వచ్చినవి. వృద్ధులు, రోగులు, పసిబిడ్డలు ఉన్న ఇండ్లకు అవి అవసరమే. వానిని మేము నిందింపము. అయితే ఒక్కటి గమనింపుడు. ఆ యంత్రము వేడిని నశింపజేయదు. మన గదిలోని వేడిని తీసి వీధిలోనికి విడుచును. ఆ వీధిలో నున్నదెవరు? తోపుడుబండివాడు, ఇస్త్రీబండివాడు, ఇటుకలు మోయు కూలి, నీడ దొరకని కుక్క, కాకి. జమదగ్ని కథలో గొడుగు ఒకరినుండి ఇంకొకరికి పోయినది. ఇక్కడ ఎండ మననుండి ఇంకొకరికి పోవుచున్నది. అట్టి యంత్రమున్న గృహస్థునకు వాకిట ఒక నీటికుండ ఉంచవలసిన బాధ్యత ఇతరులకంటె రెట్టింపు ఉన్నదని మా అభిప్రాయము.

ఇది చిన్న విషయము కాదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో కలిపి 2000 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వారిలో పలువురు వృద్ధులు, ఎండలో పనిచేసి పొట్ట పోసికొనువారు. సమయమునకు అందిన నీడయు, చెంబెడు నీరును వారిలో కొందరినైనను నిలిపియుండెడివి. వైశాఖ శుద్ధ తదియనాడు సింహాచలమున వరాహలక్ష్మీనృసింహస్వామి నిజరూపదర్శనమునకై వేలాది జనులు వరుసలలో నిలుతురు. ఏడాదిపొడవున స్వామిని చందనముతో చల్లబరచుచున్నాము. ఆ వరుసలో సొమ్మసిల్లు ముదుసలికి నీరందించుటయు చందనసేవయే గదా!

ఇక కొందరు గీతావాక్యమును పట్టుకొని, శీతోష్ణములు వచ్చిపోవునవి గనుక ఓర్చుకొనుమని భగవానుడు అర్జునునకు చెప్పలేదా, నీరు నీడ ఎందుకు అందురు. ఆ ఉపదేశము మన ఓర్పును గూర్చినది. పరుల బాధను చూచి ఊరకుండుమని దాని భావము కాదు. ఓర్పు మనకు, నీడ ఇతరులకు. ఈ రెంటిని తారుమారు చేసికొనరాదు. మన ఓర్పునకు కూడ శాస్త్రము హద్దు పెట్టినది. ఏకాదశీ ఉపవాసమును ఎనిమిదేండ్లలోపు బాలురకు, ఎనుబదేండ్లు దాటినవారికి విధింపలేదు. కావున మిట్టమధ్యాహ్నము పాదరక్షలు లేక తిరిగి వడదెబ్బ తెచ్చుకొనుట తపస్సు కాదు. పెద్దలు ప్రాతఃకాలముననే దర్శనము చేసికొని ఇల్లు చేరుడు. స్వామి సంతోషించును.

చివరకు మనము కోరిన హేమంతము రానే వచ్చును. మాసములలో మార్గశీర్షము తానేనని భగవానుడు గీతలో చెప్పెను. ధనుర్మాసమున తిరుమలలో సుప్రభాతమునకు బదులుగా తిరుప్పావై వినిపించును. ఊరూర ఆలయములలో తెల్లవారకముందే పొంగలి నివేదన. జ్యేష్ఠమాసమంతయు చలికై పరితపించిన మహానుభావుడు అప్పుడేమి చేయుచున్నాడు? దుప్పటి ముసుగుపెట్టి, "ఈ చలిలో ఎవడు లేచును?" అనుచున్నాడు! కోరిన ఋతువు వచ్చినది, కోరినవాడు నిద్రించుచున్నాడు. భాగవతమున గోపికలు ఇట్లు చేయలేదు. హేమంతము మొదటి మాసమున తెల్లవారుజామున యమునలో స్నానమాడి కాత్యాయనీవ్రతము చేసిరి. అది దశమస్కంధము 22వ అధ్యాయము.

అదే అధ్యాయము చివరిభాగమున శ్రీకృష్ణుడు తీవ్రమైన ఎండలో గొడుగులవలె నీడనిచ్చు చెట్లను చూచి మిత్రులతో ప్రశంసించును. అవి గాలిని వానను ఎండను మంచును తాము భరించి మనలను కాపాడుచున్నవనియు, పరులకొరకై జీవించు జన్మయే జన్మయనియు వాని భావము. హేమంతవ్రతమును, గ్రీష్మవృక్షమును ఒక్క అధ్యాయమున చేర్చిన వ్యాసభగవానునకు నమస్కారము. గ్రీష్మమున చెట్టువలె నిలిచినవాడు హేమంతమున గోపికవలె మేల్కొనగలడు. నీరు పోసిన చేయియే చలిలో కంబళి కప్పును. చలికాలమునందును ఆలయమండపములలో, బస్సు స్టాండులలో వణకువారు ఉన్నారని ఆ చేతికి గుర్తుండును.

కావున సోదరసోదరీమణులారా! ఎండను గూర్చి ఒక మాట అన్నందుకు భయపడకుడు. అయితే అన్న ప్రతిసారి ఒక పని చేయుడు. వాకిట ఒక కుండ, గోడమీద పక్షులకు మూకుడుతో నీరు, మీ ఇంటికి పనికి వచ్చినవారికి మజ్జిగ, పాదరక్షలు లేనివానికి ఒక జత చెప్పులు. తొలకరి పడగానే ఒక మొక్క నాటుడు. మీరు నాటిన చెట్టు నీడలో మీరు కూర్చుండకపోవచ్చును. కాళ్ళు కాలుచు వచ్చిన ఏ రేణుకాదేవియో క్షణకాలము నిలుచును. ఆ తల్లి దీవెనయే మీకు నూరు హేమంతములు.

సూర్యనారాయణస్వామి మనకందరకు ఓర్పును, దానబుద్ధిని, ఆయురారోగ్యములను ప్రసాదించుగాక!

స్వస్తి.